మరక ఇంకా పోలేదు

గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే ఆమెకి ఆ వాసన తగిలింది. చిన్నప్పటి వాసన. దుకాణం వెనక గదిలోంచి వచ్చేది, నాన్న గోళ్ళ సందుల్లో ఇరుక్కుని సెలవు రోజున కూడా వదలనిది, జ్వరం వచ్చినప్పుడు ఆయన నుదుటి మీద చెయ్యి వేస్తే మందులా అనిపించేది. అందుకే మొదట భయం వేయలేదు. పైగా ఒక్క క్షణం ప్రాణానికి హాయిగా తోచింది, నాన్న పనినుంచి ఇంటికొచ్చేశాడన్నట్టు. ఆ తరవాత గుర్తొచ్చింది, నాన్న పనికి వెళ్ళడం మానేసి చాలా కాలమైంది, ఆ డ్రైక్లీనింగ్ దుకాణం ఉన్న చోట ఇప్పుడు కళ్ళజోళ్ళు అమ్ముతున్నారు, ఈ వాసన ఈ ఇంట్లో ఉండకూడదు. వెనక్కి తిరిగి చూసింది. పొద్దున మబ్బు పట్టిందని ఇంట్లో వదిలేసి వెళ్ళిన స్కూటరు వరండాలో ఒక పక్కకి ఒరిగి ఉంది. ట్యాంకు కింది రబ్బరు గొట్టం ఊడిపోయి వేలాడుతోంది. గచ్చు మీద తడి. ఆ తడిలోంచి నడిచిన అడుగులు, బోసిపాదాలవి, గడప దాటి లోపలికి వెళ్ళి వంటింటి దగ్గరకొచ్చేసరికి ఆరిపోయాయి.

నాన్నా అని పిలిచింది. మంచం ఖాళీ. దుప్పటి మడత పెట్టి ఉంది, అంచుకి అంచు కలిపి, ఇస్త్రీ చేసినంత చక్కగా. ఆయన అన్నీ మరిచిపోయాడు గానీ మడత మరిచిపోలేదు. ఏ పూట తిన్నాడో గుర్తుండదు, అమ్మ పోయిందన్న సంగతి గుర్తుండదు, అద్దంలో ముసలాయనెవరో తనని అదే పనిగా చూస్తున్నాడని ఫిర్యాదు చేస్తాడు, కానీ చొక్కా చేతికిస్తే కాలరు దగ్గర ఎత్తి, భుజాలు సరిచూసి, బొత్తాలు పెట్టి, దుకాణం అద్దాల బీరువాలో పెట్టేటట్టు మడత పెడతాడు. డాక్టరు దాన్నే పట్టుకుని మంచి లక్షణం అన్నాడు. చేతులకి తెలిసింది ఆఖరున పోతుందట. ఆమె కుట్టుమిషన్ల షెడ్డు నుంచి మధ్యాహ్నం వచ్చి ఆయనకి భోజనం పెట్టి మళ్ళీ వెళుతుంది. పొద్దున బయల్దేరే ముందు గ్యాసు సిలిండరు కట్టేస్తుంది, అగ్గిపెట్టె సంచీలో వేసుకుపోతుంది, కత్తులు బీరువాలో పెట్టి తాళం వేస్తుంది. స్కూటరులో పెట్రోలు ఉందన్న ఆలోచన ఏ రోజూ రాలేదు. ఎలా వస్తుంది, స్కూటరంటే ఆమెకి బండి. పెట్రోలంటే మరక మందు ఆయనకి.

నీళ్ళగది తలుపు వేసి ఉంది. కింద సందులోంచి బల్బు వెలుతురు, దాంతో పాటే కళ్ళు మండించే ఘాటు. చెవి ఆనించి వింది. గుడ్డని గుడ్డతో అద్దుతున్న చప్పుడు, తప్ తప్ అని, మెత్తగా, తీరుబడిగా. బతికున్నాడు. తలుపు లాగి చూసింది. లోపల గడియ పెట్టి ఉంది. నాన్నా, నేనే, తలుపు తియ్యి అంది.

"ఎవరండీ? కాస్త ఆగండి, చేతిలో పనుంది."

దుకాణం గొంతు. కౌంటరు వెనక నిలబడి గిరాకీలతో మాట్లాడే గొంతు, మర్యాదగా, కొంచెం తొందరగా. ఎవరండీ అన్నాడంటే ఇవాళ తను కూతురు కాదు. కొన్నాళ్ళుగా అంతే, ఒక పూట అమ్మడూ అని పిలుస్తాడు, ఒక పూట ఎవరింటి వాళ్ళమ్మా మీరు అంటాడు. ఆమె నవ్వి ఊరుకుంటుంది, వంటింట్లోకి వెళ్ళాక ఏడుస్తుంది. ఇప్పుడు నవ్వడానికీ ఏడవడానికీ వీల్లేదు. ఎందుకంటే గోడ మీద, తలుపు పక్కనే, స్విచ్చుల పెట్టెలో ఎర్ర దీపం వెలుగుతోంది. వేడినీళ్ళ హీటరు. పొద్దున కట్టేశానా, కట్టేశాననే అనుకుంది, రోజూ కట్టేశాననే అనుకుంటుంది, సగం దారి వెళ్ళాక అనుమానం వస్తుంది. ఆ హీటరు లోపల గోడకి, ఆయన తల మీదుగా వేలాడుతోంది. నీళ్ళు కాగితే టక్కుమని ఆగుతుంది, చల్లారితే టక్కుమని అంటుకుంటుంది. ఆ టక్కులో ఏముంటుంది, చిన్న మెరుపు ఉంటుందా, ఉంటే ఎంత. చెయ్యి స్విచ్చు దాకా వెళ్ళి ఆగిపోయింది. స్విచ్చులో కూడా మెరుపుంటుంది. చీకట్లో స్విచ్చు వేస్తే నీలంగా కనబడుతుంది. తను ఇక్కడ నొక్కితే ఆ నీలం ఎక్కడ పుడుతుంది, ఇటా, అటా. వంటింట్లో ఫ్రిజ్జు ఒక్కసారి గుర్రుమని మొదలైంది, ఆమె చెవులు మూసుకుని కింద కూర్చుండిపోయింది. ఏమీ కాలేదు. ఫ్రిజ్జు రోజూలాగే గుర్రుమంటోంది. అద్దుతున్న చప్పుడు ఆగలేదు.

వీధి గుమ్మం బయట, గాలి ఆడే చోట, కరెంటు మెయిను ఉంది. అక్కడికి వెళ్ళింది, పరిగెత్తిందో నడిచిందో తెలియదు, మెయిను కిందికి లాగింది. ఇల్లు నిశ్శబ్దమైపోయింది. వీధిలోకి దిగి, ఇంటికి దూరంగా జరిగి, అన్నయ్యకి ఫోను చేసింది. చెప్పింది చెప్పినట్టు రాలేదు, స్కూటరు అంది, గడియ అంది, నాన్న అంది. అన్నయ్య ఊరికి ఆ చివర ఉంటాడు, గోదాములో లెక్కలు చూస్తాడు. నాన్నని ఎక్కడైనా చేర్పిద్దామని అన్నయ్య అంటే, నా దగ్గర ఉండనీ అని ఆమె పోట్లాడింది, ఏదో ఒక రోజు ఇల్లు తగలబెట్టేస్తాడే అన్నందుకు నెల రోజులు మాట్లాడలేదు. ఇప్పుడా మాట అన్నయ్య ఎత్తలేదు. ఫైరింజనుకి నేను చేస్తాను, నేనూ బయల్దేరుతున్నాను, తలుపు పగలగొట్టకు, సుత్తీ గునపమూ ముట్టుకోకు, ఇనుముకి ఇనుము తగలకూడదు, నువ్వు మాత్రం లోపలికెళ్ళకు అన్నాడు. ఆమె వెళుతుందని అన్నయ్యకీ తెలుసు. జాగ్రత్త అని పెట్టేశాడు. ఫోను మెట్టు మీద వదిలేసి, చేతి గాజులు కూడా తీసి దాని పక్కన పెట్టి, ఎందుకు తీస్తోందో తనకే సరిగా తెలియకుండా, లోపలికి వచ్చింది. వస్తూ దారిలో కిటికీలన్నీ బార్లా తీసింది. నీళ్ళగదికున్న ఒకే ఒక్క గవాక్షం పక్కింటి గోడ వైపు ఉంది, రెండు గోడల మధ్య పైపులు తప్ప మనిషి దూరే సందు లేదు, దాని గాజు రెక్కలు ఎవరో రంగు వేసినప్పుడు అతుక్కుపోయాయి. తీయిద్దాం తీయిద్దాం అనుకుంటూనే రోజులు గడిచిపోయాయి.

తలుపు దగ్గర నేల మీద కూర్చుంది. ఏం బట్టండీ అది అని అడిగింది. మీరు అనడం నోటికి కొత్తగా ఉంది, కన్నతండ్రిని వీధిలో కొత్తమనిషిని పలకరించినట్టు. ఆయన వెంటనే జవాబిచ్చాడు, పని గురించి అడిగితే ఎప్పుడూ అంతే. మా అమ్మాయిదండీ అన్నాడు. లేత నీలం చొక్కా. మిషను నూనె పడింది. పిచ్చిది, పారేసింది. ఇక పనికిరాదంది. పనికిరాకపోవడమేమిటి, నేనింట్లో ఉండగా.

ఆమె నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుంది. నీలం చొక్కా తనే కుట్టుకుంది, మిగిలిన ముక్కల్లోంచి రంగు కలిసేవి ఏరి, మెడకి సన్నగా తాడు కుట్టు వేసి. నిన్న షెడ్డులో మిషను తల ఎత్తి నూనె పోస్తుంటే ఒలికి పొట్ట మీద పడింది. పొద్దున కసిగా గుడ్డపీలికల బుట్టలో పడేసి, ఇక పనికిరాదు, నా ఖర్మ, అంది. గోడకి చెప్పుకున్నట్టు అంది. ఆయన మంచం మీద కూర్చుని కిటికీలోకి చూస్తున్నాడు. వింటున్నాడని ఎవరనుకుంటారు. కూతురి మొహం జారిపోయిన ఆ తలలో కూతురి చొక్కా మీద మరక ఎలా నిలిచింది. ఎంతసేపు నిలిచింది, ఆయన లేచి బుట్ట వెతికి, సీసా వెతికి, స్కూటరు గొట్టం ఊడబీకి, ఇంత దూరం మోసుకొచ్చేదాకా. దాన్ని తలుచుకుంటే గుండె నిండిపోవాలి. నిండలేదు. భయమే ఉంది అక్కడ, ఇంకోదానికి చోటు లేదు. ఎందుకంటే ఆ వెంటనే లైటరు గుర్తొచ్చింది.

ఇత్తడి లైటరు, చొక్కా జేబులో, ఎప్పుడూ. సిగరెట్లు మాన్పించేశారు గానీ అది లాక్కుంటే పిల్లాడిలా వెతుక్కుంటాడని వదిలేశారు. ఖాళీదే కదా అనుకున్నారు. మొన్న వీధి మూల మంగలి, గడ్డం గీస్తూ, పాపం పెద్దాయన ఊరికే టిక్కు టిక్కుమనిపిస్తున్నాడని ప్రేమ కొద్దీ గ్యాసు నింపి ఇచ్చాడు. రాత్రికి తీసేద్దాం అనుకుని ఆమె మరిచిపోయింది, ఆ ఇంట్లో మతిమరుపు ఒక్కరికే అని ఎవరన్నారు. దుకాణంలో నాన్న అలవాటు ఆమెకి తెలుసు. మొండి మరక వదిలాక బట్టని వెలుతురుకి ఎత్తి పట్టుకుంటాడు, అటూ ఇటూ తిప్పుతాడు, మడత పెడతాడు, ఆ తరవాత చెయ్యి దానంతటదే జేబులోకి పోతుంది. అప్పట్లో లైటరు తీసుకుని దుకాణం దాటి పేవ్‌మెంటు మీదికి వెళ్ళి వెలిగించేవాడు. ఇప్పుడు ఆయనకి పేవ్‌మెంటు ఏదో, నీళ్ళగది ఏదో. చేతులకి తెలిసింది ఆఖరున పోతుంది అన్నాడు డాక్టరు, ఎంత ధైర్యంగా అన్నాడో. అయితే మరక పోకూడదు. అన్నయ్య వచ్చేదాకా, ఫైరింజను వచ్చేదాకా, ఈ లోకంలో ఇంకేమైనా కానీ, ఆ నూనె మరక ఆ చొక్కాని పట్టుకునే ఉండాలి. దేన్నీ ఇంతగా కోరుకున్న గుర్తు లేదు ఆమెకి.

పోయిందాండీ అని అడిగింది. చాలా వరకు పోయిందన్నాడు. అంచులు చూశారా, ఆరాక చుట్టూ గీత పడుతుందేమో అంది. అద్దడం ఆగింది. తిప్పి చూస్తున్నట్టున్నాడు. నిజమేనమ్మా అన్నాడు, గొంతులో గౌరవం వినిపించింది, మళ్ళీ తప్ తప్ మొదలైంది. ఆమె కళ్ళు మూసుకుని వింటోంది. చిన్నప్పుడు బడి వదిలాక దుకాణంలోనే కూర్చునేది, బట్టల మూటల మీద. మరకని మధ్యలో పట్టుకోకూడదు అమ్మడూ, మధ్యలో రుద్దితే పారిపోతుంది, పారిపోయి చుట్టూ వలయం కడుతుంది. బయట నుంచి లోపలికి రావాలి, చుట్టుముట్టాలి. బట్ట తిరగేసి, కింద తెల్లటి పాత గుడ్డ వేసి, వెనకనుంచి అద్దాలి, నూనె కింది గుడ్డలోకి దిగిపోవాలి. రుద్దకూడదు, అద్దాలి. వేడి తగలనివ్వకూడదు, వేడి తగిలితే ఇక ఆ మరక పుట్టుమచ్చే. తాజాదైతే ముందు సుద్దపొడి చల్లి వదిలెయ్యాలి, పొడి తాగినంత తాగనిచ్చి దులిపెయ్యాలి. ఆ మాటనే పట్టుకుంది. సుద్ద చల్లారా మొదట అని అడిగింది. నిన్నటి మరకకి సుద్దెందుకమ్మా, తాగాల్సింది దారం ఎప్పుడో తాగేసింది అన్నాడు, దగ్గాడు. దగ్గు చాలాసేపు ఆగలేదు. ఆగాక మాట ముద్దగా వచ్చింది, నిద్రలోంచి వచ్చినట్టు. ఇంకో భయం అక్కడ లేచింది, ఇందాక లేనిది. ఆ ఘాటులో ఎంతసేపు ఉండగలడు. పడిపోతే. చప్పుడు లేకుండా గోడకి ఒరిగి పడిపోతే తలుపు ఇక ఎవరు తీస్తారు. మరక పోకూడదు, మనిషి పడిపోకూడదు, ఫైరింజను ఎక్కడిదాకా వచ్చిందో తెలియదు, బజారు దగ్గర అడ్డం పడే బళ్ళు ఆమె కళ్ళకి కనబడుతున్నాయి, ఒక్కొక్కటే, ఎద్దులా కదలకుండా.

తలుపు తీసి పని చేసుకోండి, గాలి ఆడుతుంది అంది, మామూలుగా అన్నట్టు.

తడిగా ఉందమ్మా, ఇప్పుడివ్వలేను, రేపు రండి అన్నాడు.

బట్ట వద్దండీ, తలుపు తీస్తే చాలు.

రేపు రండి.

అప్పుడు అద్దడం ఆగిపోయింది. బట్ట దులిపిన చప్పుడు. అయిపోయిందా. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటున్నాడా. వెలుతురు. తలుపు కింద సందు నల్లగా ఉంది. మెయిను తీసేసినప్పుడే లోపల బల్బు ఆరిపోయింది, పక్కింటి గోడ నీడలో ఆ గది పట్టపగలు కూడా చీకటి గుయ్యారం. ఇంతసేపూ ఆయన చీకట్లో, వేళ్ళతోనే పని చేస్తున్నాడు. చీకటి తనే చేసింది. తెలివైన పని చేశాననుకుని చేసింది.

"కరెంటు పోయినట్టుందే," అన్నాడు లోపల, తనలో తను. "ఉండండి, లైటరు వెలిగించి చూస్తాను."

వద్దు అని అరవాలి. అరిస్తే ఉలిక్కిపడతాడు, ఉలిక్కిపడితే బొటనవేలు నొక్కుతుంది. నాన్నా అంటే నాన్న కాదు ఆయన ఇప్పుడు. కూతురు చెబితే వినేవాడు ఆ గదిలో లేడు. మరెవరు ఉన్నారు. దుకాణం మనిషి ఉన్నాడు. దుకాణం మనిషి ఎవరి మాట వింటాడు. ఆ వెనక గది గుమ్మం ఆమె కళ్ళ ముందు నిలబడింది, తెల్ల సున్నం గోడ, గోడకి మేకు, మేకుకి వేలాడే బిస్కెట్ల రేకు డబ్బా. లోపలికి వెళ్ళే ప్రతివాళ్ళూ జేబు దులిపి అగ్గిపెట్టె, లైటరు ఆ డబ్బాలో వేసి వెళ్ళాలి. యజమాని వచ్చినా అంతే, ఆయన గొణుక్కుంటూ వేసేవాడు. బడి నుంచి వచ్చిన ఆమె పలకసంచీని కూడా నాన్న నవ్వకుండా వెతికేవాడు. వెతికి అనేవాడు ఒక మాట. అది ఆమె నోట్లోంచి వచ్చింది, పొడిగా, దుకాణం గొంతుతో, తనది కాని గొంతుతో.

"జేబులోది డబ్బాలో వెయ్యకుండానే లోపలికెళ్ళారా?"

లోపల ఏమీ వినిపించలేదు. తన గుండె చెవుల్లో కొట్టుకుంటోంది, అది కూడా పైకి వినబడి ఆయన్ని ఉలిక్కిపడేలా చేస్తుందేమోనని భయం వేసింది. ఆయన చేతిలో ఉంది అది. మూత తెరిచి ఉందో మూసి ఉందో. బొటనవేలు చక్రం మీద ఉందో. ఒకసారి ఆ చక్రం తిరిగితే తను ముందు ఏం చూస్తుంది, తలుపు కింద సందులో వెలుగు చూస్తుందా, ఆ చూడ్డానికైనా వ్యవధి ఉంటుందా. పారిపో అని ఒళ్ళు చెబుతోంది, కాళ్ళ పిక్కలు వాటంతటవే బిగుసుకుంటున్నాయి. సిగ్గుపడే తీరిక కూడా లేకుండా ఆమెకి తెలిసింది, తను నిజంగానే లేచి పరిగెత్తబోతోంది.

"అయ్యో," అన్నాడు ఆయన. తప్పు చేసి దొరికిపోయిన పనివాడి గొంతు. "డబ్బా ఏదీ? మేకు దొరకడం లేదు."

"నా దగ్గరుంది. తలుపు కింద నుంచి తొయ్యండి, నేను వేస్తాను."

మోకాళ్ళు నేలకి తగిలిన చప్పుడు. వంగుతూ మూలిగాడు. తరవాత నేల మీద ఏదో రాసుకుంటూ వస్తున్నట్టు, ఇత్తడి నాపరాయిని గీరుకుంటూ, ఆ గీరుడు ఆమె పళ్ళ మూలల్లోకి దిగింది, మెల్లగా, మెల్లగా అని పెదాలతోనే వేడుకుంది. సందులో ముందు ఆయన వేళ్ళ చివరలు కనబడ్డాయి, నానిపోయి తెల్లగా ముడతలు పడ్డవి, తరవాత లైటరు. మూత మూసే ఉంది. ఆమె దాన్ని రెండు చేతులా, పిచ్చుకపిల్లని తీసినట్టు తీసి, వీధి గుమ్మం దాకా నడిచి వెళ్ళి, మెట్టు దిగి, పొద్దుటి వాన గుంటలో ముంచి అక్కడే వదిలేసి వచ్చింది. తిరిగి వచ్చి తలుపు పక్కన కూర్చుంది. ఫరవాలేదు, ఇక కూర్చోవచ్చు.

ఇక తలుపే. ఇప్పుడైనా తీస్తారాండీ అంది. రేపు రండి అన్నాడు మళ్ళీ. ఇంత మాట విన్న మనిషి ఈ ఒక్క మాట ఎందుకు వినడు, ఆమెకి కోపం వచ్చింది, ఆ గంటలో మొదటిసారి, భయానికి అలసిపోయి వచ్చే కోపం. రేపు రండి, రేపు రండి. ఎంత మొండితనం. అమ్మ నవ్వేది ఆ మాటకి. మీ నాన్న రేపు రండి అన్నాడంటే ఆ బట్టకేదో అయిందన్నమాటే అనేది. నిజంగా ఆరకపోతే సాయంత్రం రండి అంటాడు, ఇస్త్రీ కాకపోతే కూర్చోండి అంటాడు, రేపు రండి అన్నాడంటే మాత్రం బట్ట పోయింది, లేదా కాలింది, ఏం చెప్పాలో తెలియక కాలయాపన చేస్తున్నాడు. ఒకసారి ఎవరో పెళ్ళికొడుకు కోటు ఇస్త్రీపెట్టె కింద కాలిపోయింది. ఆ మనిషి రోజూ వచ్చేవాడు, కౌంటరు మీద గుద్దేవాడు. నాన్న తొణక్కుండా రేపు రండి అనేవాడు, కొంచెం విసుగ్గా కూడా, పనిలో మునిగి ఉన్నట్టు. ఆమె ఆ పూట కౌంటరు కింద, మూటల మధ్య కూర్చుని పుస్తకం చదువుకుంటోంది. పైన గొంతు అంత నిబ్బరంగా ఉంది. కింద, తన కళ్ళ ముందు, ఆయన మోకాళ్ళు గడగడా వణుకుతున్నాయి. పంట్లాము గుడ్డ కూడా కదిలిపోతోంది. ఆమె చెయ్యి చాచి మోకాలు పట్టుకుంది. ఆయన కిందికి చూడలేదు.

రేపు రండి.

ఆమె తలుపుకి నుదురు ఆనించింది. ఎంతసేపటినుంచి అంటున్నాడు ఆ మాట. ఇందాకట్నుంచీ. ఇంతసేపూ తను బయట ఒక మొండివాడితో మాట్లాడుతున్నాననుకుంది.

"నాన్నా," అంది, మీరు వదిలేసి. "గడియ రావట్లేదా?"

ఎక్కడో దూరంగా వీధిలో గంట మోగుతున్నట్టు వినిపించింది, ఫైరింజనో, ఐస్ బండో.

"దీన్ని ఎటు తిప్పాలో తెలియడం లేదమ్మా," అన్నాడు. "పొద్దున్నుంచీ చూస్తున్నాను."

ఏడుపు తన్నుకొచ్చింది, మింగేసింది, ఏడిస్తే మాట వణుకుతుంది, మాట వణికితే ఆయన మోకాళ్ళు ఏమవుతాయో చూడకుండానే ఆమెకి తెలుసు. తిప్పేది కాదు నాన్నా అది, లాగేది అంది. చొక్కా భుజాన వేసుకో. చేతులు రెండూ ఖాళీ చేసుకో. ఇప్పుడు తలుపు మీద అరచెయ్యి పెట్టు, నా వైపు. ఆయన అరచెయ్యి తలుపు మీద చప్పుడు చేసింది, ఆమె చెయ్యి ఉన్న చోటికి కొంచెం పైన. దాన్ని అలాగే పక్కకి జరుపు, గోడ తగిలేదాకా. తగిలిందా. ఇప్పుడు కిందికి రా, చల్లగా ఇనుము తగులుతుంది. తగలలేదన్నాడు. ఇంకొంచెం రా. తగల్లేదమ్మా. ఊపిరి బరువుగా తీస్తున్నాడు, మధ్యలో ఆగుతున్నాడు. ఆమె తన వైపు తలుపు మీద వేలితో మెల్లగా తట్టింది, గడియ ఉన్న చోట, ఇక్కడ, ఈ చప్పుడు దగ్గరికి రా. వచ్చాడు. దానికి ఒక పిడి ఉంటుంది నాన్నా, కిందికి వేలాడుతూ, మన దుకాణం షట్టరు గొళ్ళెం లాంటిదే, దాన్ని ముందు పైకెత్తు. ఎత్తాననుకుంటున్నా అన్నాడు. ఎత్తి అలాగే పట్టుకుని నీ కుడిచేతి వైపు లాగు. మెల్లగా. తొందరేం లేదు. గడియ కడ్డీ గొట్టంలో కీచుమంటుంటే ఇనుముకి ఇనుము అన్న అన్నయ్య మాట ఒళ్ళంతా పాకుతోంది, ఆపు అందామా, లాగు అందామా, ఏదీ అనలేక నోరు తెరుచుకుని ఉండిపోయింది.

తలుపు ఆమె మీదికే తెరుచుకుంది. ఆయన వచ్చి పడ్డంత పని చేశాడు. వాసన గోడలా వచ్చి కొట్టింది. నడుం చుట్టూ చెయ్యి వేసి, ఈడ్చి, వంటిల్లు దాటించి పెరట్లోకి తీసుకెళ్ళి కుళాయి గట్టు మీద కూలేసింది. ఎంత తేలికైపోయాడో. ఒకప్పుడు తడి దుప్పట్ల మూటలు రెండు చంకల్లో రెండు మోసేవాడు. పంచె ముందు భాగమంతా పెట్రోలుతో తడిసిపోయి ఉంది. విప్పదీసి దూరంగా విసిరేసి, తన చున్నీ చుట్టబెట్టి, బకెట్లతో నీళ్ళు కుమ్మరించింది. ఆయన కళ్ళు ఎర్రగా చింతనిప్పుల్లా ఉన్నాయి, కన్నీళ్ళు ధారగా కారుతున్నాయి, ఘాటుకో మరి దేనికో.

ఆ తరవాత జరిగినవన్నీ ఎవరికో జరుగుతున్నట్టు దూరంగా జరిగాయి. ఫైరింజను నిజంగానే వచ్చింది. టోపీలు పెట్టుకున్న మనుషులు ఇంట్లోకి వెళ్ళారు, గవాక్షం గాజురెక్కలు పగిలిన చప్పుడైంది, నీళ్ళు చల్లారు, సగం మిగిలిన సీసా తడిగుడ్డలో చుట్టి బయటికి పట్టుకెళ్ళారు. ఒకాయన వచ్చి నాన్న కళ్ళలో టార్చి వేసి చూసి, ఒకసారి ఆసుపత్రిలో చూపించడం మంచిదని చెప్పాడు. అన్నయ్య పెరటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. చొక్కా బొత్తాలు తప్పు కాజాల్లో ఉన్నాయి. ఆటో పిలుచుకొస్తానని వెళ్ళాడు. అనాల్సింది రేపో ఎల్లుండో అంటాడు. ఈసారి పోట్లాడడానికి తన దగ్గర మాటేమీ మిగల్లేదు. నాన్నని ఎక్కడో ఒక చోట, మంచి చోటే, తాళాలు బయట ఉండే తలుపుల వెనక పెట్టి రావాలి. ఆ తలుపులకి ఇటువైపు నిలబడి ఏమని చెప్పాలి ఆయనకి, ఏ గొంతుతో చెప్పాలి. ఆలోచన అంతవరకు వచ్చి ఆగిపోయింది. ముందుకి వెళ్ళడానికి భయపడింది.

సబ్బు తీసుకుని ఆయన చేతులు రుద్దడం మొదలుపెట్టింది. ఒక్కొక్క వేలు, గోళ్ళ సందులు. వాసన వదలడం లేదు. నీలం చొక్కా ఆయన భుజం మీదే ఉండిపోయింది, ఎవరు తీయబోయినా ఇవ్వలేదు. ఎండలో చూస్తే మరక ఉందో లేదో తెలియడం లేదు, మొత్తం తడిగా ఉంది. ఆయన చుట్టూ ఒకసారి చూశాడు, టోపీల వాళ్ళు వినేంత దూరంలో లేరని రూఢి చేసుకున్నట్టు, ఆమె చెవి దగ్గరికి వంగాడు.

"లోపల చాలా భయమేసిందే అమ్మడూ."

అమ్మడూ అన్నాడు. సబ్బు చేతిలోంచి జారింది, వెతికి తీసుకుంది.

"నాకూ వేసింది నాన్నా," అంది.

ఆయన ఆమె వైపు చూశాడు, నిజంగానే ఆశ్చర్యపోయి, అర్థం కాని లెక్క చూసినట్టు.

"నీకెందుకు?" అన్నాడు. "నువ్వు బయటే ఉన్నావుగా."